నలుగురూ ఏమన్నా ఆగని బెంగళూరు నాగరత్నమ్మ

 

మనలో చాలామందికి లోపల ఒక కోరిక ఉంటుంది. ఒకరికి పాట, ఒకరికి బొమ్మలు, ఇంకొకరికి కథలు, షార్ట్ ఫిల్ములు. ఆ కోరిక బయటికి చెప్పగానే ముందు వినపడే మాట ఏంటి? "నలుగురూ ఏమనుకుంటారు?" ఆ తర్వాత, "ఇది అన్నం పెడుతుందా?" ఆ తర్వాత, "మన ఇంట్లో ఎవరైనా ఇలాంటివి చేశారా?"

ఈ మాటలు ఇవాళ కొత్తగా పుట్టినవి కావు. 1910లో ఒక తెలుగు పుస్తకం అచ్చయింది. దాన్ని రాసింది ఒక స్త్రీ. అచ్చు వేయించింది ఇంకో స్త్రీ. ఇద్దరి మధ్యా సుమారు 150 ఏళ్ల దూరం. ఇద్దరూ పడిన మాటలు మాత్రం ఒకటే. నేను ఈ కథ చదివినప్పుడు నన్ను పట్టుకున్నది ఆవిడ ధైర్యం ఒక్కటే కాదు. ఆ మాటలకి ఆవిడ జవాబు చెప్పిన తీరు. అది మనకి పనికొస్తుందనిపించింది. అందుకే ఈ ఎపిసోడ్.

ముందు తంజావూరు వెళ్దాం. తంజావూరు ఇప్పుడు తమిళనాడులో ఉంది కదా, అక్కడ తెలుగు పుస్తకం ఏంటి అని అడగొచ్చు. 16, 17 శతాబ్దాల్లో తంజావూరుని పాలించిన నాయకరాజులు తెలుగువాళ్లు. వాళ్ల కొలువులో తెలుగే రాజభాష అన్నంతగా వెలిగింది. రఘునాథ నాయకుడు స్వయంగా కవి. ఆయన కొలువులో రామభద్రాంబ ఉంది. ఆయన కొడుకు విజయరాఘవుడి కొలువులో రంగాజమ్మ ఉంది. ఇద్దరూ కవయిత్రులే. తర్వాత మరాఠా రాజులు వచ్చారు. వాళ్ల మాతృభాష మరాఠీ. అయినా తెలుగు కవుల్ని, తెలుగు పాటని వాళ్లు వదల్లేదు.

ఆ మరాఠా రాజుల్లో ఒకరు ప్రతాపసింహుడు. 1739 నుంచి 1763 దాకా పాలించాడు. ఆయన కొలువులో ఉండేది ముద్దుపళని. ఆమె భోగం కులంలో పుట్టింది. ఇవాళ ఆ మాట వినగానే మనకి ఏదేదో గుర్తొస్తుంది గానీ, ఆ రోజుల్లో పరిస్థితి వేరు. ఇంటి ఆడపిల్లలకి అక్షరం ముక్క నేర్పని కాలంలో, సంగీతం, నాట్యం, సంస్కృతం, తెలుగు ఛందస్సు పద్ధతిగా నేర్చుకునే వీలు ఉన్న ఆడవాళ్లు వీళ్లే. ఆస్తి మీద హక్కు ఉండేది. కొలువులో గౌరవం ఉండేది. ఆ బతుకులో బాధలు లేవని కాదు. చదువు మాత్రం ఉంది.

ముద్దుపళని రాసిన కావ్యం పేరు రాధికా సాంత్వనం. నాలుగు ఆశ్వాసాలు, దాదాపు 580 పద్యాలు. సాంత్వనం అంటే ఊరడించడం. కథ చెప్తాను వినండి. రాధ తన చేతులతో పెంచిన ఇళాదేవిని కృష్ణుడికే ఇచ్చి పెళ్లి చేస్తుంది. కొత్త పెళ్లికూతురికి బుద్ధులు చెప్పి, ముస్తాబు చేసి పంపేది కూడా తనే. పంపాక తట్టుకోలేకపోతుంది. కోపం, ఏడుపు, పంతం. చివరికి కృష్ణుడు వచ్చి ఆమెని బతిమాలి, ఊరడిస్తాడు. ఇది శృంగార ప్రబంధం. అప్పటికి తెలుగులో శృంగార ప్రబంధాలు కొత్త కాదు, మగకవులు రాసినవి బోలెడున్నాయి. ఇందులో తేడా ఏంటంటే, ఆడమనిషి ఇష్టం ఏంటి, ఆమెకి కోపం ఎందుకొచ్చింది అనేది ఒక ఆడమనిషి నోటివెంట వస్తుంది.

ఇంకో సంగతి. కావ్యం మొదట్లో కవులు తమ వంశం చెప్పుకునే ఆచారం ఉంది. ముద్దుపళని కూడా చెప్పుకుంది. మగవాళ్ల వరసతో సరిపెట్టకుండా తన నాయనమ్మ తంజనాయకి పేరు గర్వంగా చెప్పింది. తన అందం, తన చదువు, తను పండితులకి చేసిన సన్మానాలు, కవులు తనకి అంకితమిచ్చిన కృతులు, అన్నీ చెప్పింది. నాలాంటి స్త్రీ ఇంకెవరున్నారు అని అడిగేసింది కూడా. మొహమాటం లేదు.

ఇప్పుడు ఒక వంద ఏళ్లు ముందుకి రండి. 19వ శతాబ్దం. రాజుల కొలువులు పోయాయి. ఇంగ్లీషు చదువులు వచ్చాయి, వాటితోపాటు కొత్త నీతి వచ్చింది. అప్పటిదాకా పండితులు చదివి ఆనందించిన పుస్తకాలు ఒక్కసారిగా బూతు పుస్తకాలైపోయాయి. భోగం స్త్రీల పాటా ఆటా చూడకూడదని ఉద్యమం నడిచింది.

ఆ ఉద్యమంలో ముందున్న పెద్దమనిషి కందుకూరి వీరేశలింగం పంతులు. ఆయన ఎవరో మీకు తెలుసు. 1881లో రాజమండ్రిలో వితంతు వివాహం జరిపించిన మనిషి. ఊరంతా వెలేసినా వెనక్కి తగ్గలేదు. ఆడపిల్లల చదువు కోసం పోరాడిన మనిషి. అలాంటాయన తన ఆంధ్ర కవుల చరిత్రలో ముద్దుపళని గురించి రాస్తూ, ఆమె పాండిత్యాన్ని కాదనలేకపోయారు. కానీ ఆమె నడత మంచిది కాదన్నారు. ఆ పద్యాలు ఆడవాళ్లు వినడానికే తగవు, ఒక ఆడమనిషి నోటివెంట రావడం ఏంటి అన్న అర్థంలో రాశారు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. మన కలని ఎగతాళి చేసేవాళ్లంతా చెడ్డవాళ్లని అనుకుంటాం. అది నిజం కాదు. చాలాసార్లు ఆ మాట అనేది మనం గౌరవించే మనిషే. మంచి చేసిన మనిషే. అందుకే ఆ మాట అంత లోతుగా దిగుతుంది. దారిన పోయేవాడు అంటే దులిపేసుకుంటాం. వీరేశలింగం గారి లాంటి మనిషి అంటే? ఎవరు కాదంటారు?

కాదన్న మనిషి ఒకరు వచ్చారు. ఆవిడే బెంగళూరు నాగరత్నమ్మ.

నాగరత్నమ్మ గారు 1878లో మైసూరు దగ్గర నంజనగూడులో పుట్టారు. తల్లి పుట్టలక్ష్మి దేవదాసి. తండ్రి వదిలేసి వెళ్లిపోయాడు. డబ్బు లేదు, అండ లేదు. అయినా ఆ తల్లి కూతురికి చదువు మాన్పించలేదు. సంస్కృతం, కన్నడం, తెలుగు నేర్పించింది. సంగీతం, నాట్యం నేర్పించింది. పదిహేనేళ్లకే ఆ అమ్మాయి పండితుల ముందు కచేరీ చేసింది. బెంగళూరులో పేరు తెచ్చుకుని, తర్వాత మద్రాసు చేరారు. ఊరూరా కచేరీలు చేశారు. గ్రామఫోన్ రికార్డులు ఇచ్చారు. సొంత సంపాదనతో సొంత ఇల్లు కట్టుకున్నారు. మద్రాసులో ఆదాయపు పన్ను కట్టిన తొలి కళాకారిణి ఆవిడేనని చెప్తుంటారు.

ఈ సంపాదన సంగతి గుర్తుపెట్టుకోండి. తర్వాత జరిగిన వాటన్నిటికీ ఇదే ఆధారం.

ఆవిడకి పుస్తకాల పిచ్చి. తెలుగు సాహిత్య చరిత్ర చదువుతుంటే ముద్దుపళని పేరు కనపడింది. ఆ కావ్యం చదవాలనిపించింది. వెదికితే ఒక పాత అచ్చు ప్రతి దొరికింది. కానీ అది నిండుగా లేదు. 1887లో వేసిన ఆ ప్రతిలో, ముద్దుపళని తన గురించి తను చెప్పుకున్న పీఠిక భాగాన్నే ఎత్తేశారు. పద్యాలు కూడా కొన్ని పోయాయి. అంటే పుస్తకం ఉంది గానీ, రాసిన మనిషిని తీసేశారన్నమాట. నాగరత్నమ్మ గారు మళ్ళీ వెదికారు. ఒక రాతప్రతి సంపాదించారు. రెండూ పక్కపక్కన పెట్టుకుని, పోయిన పద్యాల్ని మళ్ళీ చేర్చి, పూర్తి పాఠం తయారు చేశారు. 1910లో మద్రాసులో వావిళ్ళ వారు ఆ పుస్తకాన్ని అచ్చు వేశారు.

ఆ పుస్తకానికి ఆవిడ ఒక పీఠిక రాశారు. ఎంత చదివినా తనివి తీరని పుస్తకం ఇదని చెప్పారు. ఒక స్త్రీ రాసింది, అందులోనూ తమ కులంలో పుట్టిన స్త్రీ రాసింది, అందుకే సరైన పాఠంతో తేవాలనుకున్నానన్నారు. తర్వాత నేరుగా వీరేశలింగం గారి మాటకి జవాబు చెప్పారు. ఆవిడ అడిగిన ప్రశ్నల సారం ఇది: సిగ్గు అనేది ఆడవాళ్లకి మాత్రమే ఉండాలా, మగవాళ్లకి అక్కర్లేదా? పంతులు గారే స్వయంగా పరిశీలించి సరేనన్న కావ్యాల్లో ఇంతకంటే ఘాటైన శృంగారం ఉంది కదా, అవి మంచివి ఎలా అయ్యాయి? ఇది చెడ్డది ఎలా అయింది?

గమనించారా? ఆవిడ తిట్టలేదు. నా మనసు నొచ్చుకుంది అని కూడా రాయలేదు. ఆయన చేసిన పనినే ఆయన ముందు పెట్టి, లెక్క అడిగారు. ఆ అడిగే హక్కు ఆవిడకి ఎలా వచ్చింది? ఆ పుస్తకాలన్నీ చదివి ఉన్నారు కాబట్టి. రాతప్రతితో పోల్చి చూసే పని చేసి ఉన్నారు కాబట్టి.

మరి ఏం జరిగింది? చప్పట్లు కొట్టారా? లేదు. పత్రికల్లో దుమారం. ఒక వేశ్య రాసిందట, ఇంకో వేశ్య దిద్దిందట అన్న తరహాలో రాతలు. విషయం ప్రభుత్వం దాకా వెళ్లింది. 1911లో మద్రాసు ప్రభుత్వం ఇది అశ్లీలం అని తేల్చింది. పోలీసులు ప్రతుల్ని పట్టుకెళ్లారు. వావిళ్ళ వారి ఇతర పుస్తకాలు కొన్ని కూడా ఆ దాడిలో చిక్కుకున్నాయి. వావిళ్ళ వెంకటేశ్వర శాస్త్రులు గారు ఊరుకోలేదు. ఇవి మా ప్రాచీన సాహిత్యం, వీటిని ఇలా చూడటం తప్పు అని పండితుల చేత కూడా చెప్పించి విన్నవించుకున్నారు. ఫలితం లేకపోయింది. నిషేధం నిలిచింది.

ఇప్పుడు నాగరత్నమ్మ గారి స్థానంలో మీరుంటే ఏం చేస్తారు? ఏళ్ల తరబడి కష్టపడి తెచ్చిన పుస్తకాన్ని పోలీసులు ఎత్తుకెళ్లారు. ఊళ్లో పరువు పోయిందన్నారు. "చెప్పాం కదా, నీకెందుకివన్నీ" అనేవాళ్లు అప్పుడూ ఉండే ఉంటారు.

ఆవిడ తర్వాతి కచేరీకి వెళ్లారు. పాట మానలేదు. పుస్తకం మీద తన మాట మార్చుకోలేదు.

1921లో ఇంకో మలుపు వచ్చింది. ఆవిడ గురువు బిడారం కృష్ణప్ప గారి దగ్గర్నుంచి ఒక ఉత్తరం వచ్చింది. తిరువయ్యూరులో, కావేరి ఒడ్డున, త్యాగరాజస్వామి సమాధి ఉంది. త్యాగరాజు 1847లో పోయారు. ఆ సమాధి దగ్గర పిచ్చిమొక్కలు మొలిచి, పట్టించుకునేవాళ్లు లేక పాడుబడి ఉందని ఆయన రాశారు. ఏటా అక్కడ ఆరాధన జరుగుతోంది, విద్వాంసులు వర్గాలుగా విడిపోయి పోటాపోటీగా చేస్తున్నారు. కానీ సమాధికి ఒక గూడు కట్టే ఆలోచన ఎవరికీ రాలేదు.

నాగరత్నమ్మ గారు వెళ్లారు. చూశారు. స్థలం సంపాదించారు. సొంత డబ్బు పెట్టారు. నగలు అమ్మారు. 1925లో అక్కడ గుడి ప్రతిష్ఠ జరిగింది. ఇవాళ మనం పుష్య బహుళ పంచమి నాడు టీవీలో, ఫోన్‌లో పంచరత్న కీర్తనలు చూస్తాం కదా, వందలమంది విద్వాంసులు ఎదురెదురుగా కూర్చుని ఒకే గొంతుతో పాడతారు. ఆ పాట జరిగే గుడి ఆవిడ కట్టించిందే.

అయితే అసలు విషయం ఇప్పుడు వస్తుంది. గుడి కట్టారు గానీ, ఆరాధనలో పాడటానికి ఆవిడని రానివ్వలేదు. ఎందుకు? ఆడవాళ్లు అక్కడ పాడకూడదు. తన డబ్బుతో కట్టిన గుడి ముందు తనకే చోటు లేదు.

ఆవిడ అడిగారు. కాదన్నారు. మళ్ళీ అడిగారు. మళ్ళీ కాదన్నారు. అప్పుడేం చేశారంటే, 1927లో గుడి వెనక వైపు ఇంకో ఆరాధన మొదలుపెట్టారు. ముందు వైపు మగవాళ్ల వర్గం. వెనక వైపు ఆడవాళ్లు. దానికి తమిళంలో పెణ్గళ్ కచ్చి అని పేరు వచ్చింది, అంటే ఆడవాళ్ల పక్షం అని. ఎక్కడెక్కడి గాయనులో, వాద్యం వాయించే వాళ్లో వచ్చి అక్కడ పాడారు, వాయించారు. ఒక ఏడాది కాదు, రెండేళ్లు కాదు. పదేళ్లు దాటిపోయింది. ఆవిడ మద్రాసు ఇల్లు వదులుకుని తిరువయ్యూరులోనే ఉండిపోయారు.

చివరికి 1940–41 నాటికి ఆ వర్గాలన్నీ కలిసి ఒకే ఉత్సవం చేయడానికి ఒప్పుకున్నాయి. ఆడవాళ్ల పక్షం కూడా అందులో కలిసింది. ఆడవాళ్లు మగవాళ్లతో పాటు ముందు వైపు కూర్చుని పాడారు. ఇవాళ ఏ అమ్మాయైనా తిరువయ్యూరులో కూర్చుని పాడుతోందంటే, ఆ చోటు ఎలా వచ్చిందో ఇప్పుడు మీకు తెలుసు.

ఇక పుస్తకం సంగతి. 1947లో, టంగుటూరి ప్రకాశం పంతులు గారి ప్రభుత్వ కాలంలో, రాధికా సాంత్వనం మీద నిషేధం ఎత్తేశారు. 1911 నుంచి లెక్కేస్తే 36 ఏళ్లు. పుస్తకం అచ్చయినప్పుడు ఆవిడకి ముప్ఫై దాటి ఒకటి రెండేళ్లు. నిషేధం పోయేటప్పటికి డెబ్బైకి దగ్గర. 1952 మే 19న ఆవిడ కన్నుమూశారు. ఆస్తి అంతా త్యాగరాజస్వామి సేవకే రాసిచ్చారు. ఆ వీలునామాలో ఒక షరతు పెట్టారు: అక్కడ పాడటానికి, పూజ చేయడానికి ఆడవాళ్లని అడ్డుకోకూడదు. ఆవిడ సమాధి కూడా అక్కడే, త్యాగరాజస్వామి సన్నిధికి ఎదురుగా ఉంది.

ఇంత కథ చెప్పాను. ఇందులోంచి నేను ఏం తీసుకున్నానో చెప్తాను. మీకు నచ్చితే తీసుకోండి.

మొదటిది. జనం అనే మాటలు రెండు రకాలు. ఒకటి పని మీద. రెండోది మనిషి మీద. "ఈ పద్యంలో ఛందస్సు తప్పింది" అంటే అది పని మీద మాట. వినాలి, దిద్దుకోవాలి. నాగరత్నమ్మ గారు అదే చేశారు. అచ్చు ప్రతిలో లోపం ఉందని తెలిసి రాతప్రతి తెచ్చి సరిచేశారు. "నువ్వా ఇది రాసేది? నీ కులమేంటి, నీ పుట్టుకేంటి, ఆడదానివి కదా" అంటే అది మనిషి మీద మాట. దానికి ఎంత బాగా రాసినా సరిపోదు. ముద్దుపళని పద్యం బాగాలేదని ఎవరూ అనలేదు చూడండి. పద్యం బాగుంది, రాసిన మనిషే ఆమె కాకుండా ఉండాల్సింది అన్నారు. ఈ తేడా తెలుసుకుంటే సగం బరువు దిగిపోతుంది. ఎవరైనా ఏదైనా అన్నప్పుడు ఒక్కసారి అడిగి చూసుకోండి. ఇదే పని ఇంకొకరు చేసి ఉంటే ఈ మనిషి ఇదే మాట అనేవాడా? అంటాడు అనిపిస్తే, ఆ మాట వినండి. అనడు అనిపిస్తే, వదిలేయండి.

రెండోది డబ్బు. "కలల వెంట పరిగెత్తు, మిగతాది అదే వస్తుంది" అని రీల్స్‌లో చెప్తుంటారు. నాగరత్నమ్మ గారి బతుకు అలా లేదు. ఆవిడ ముందు తన విద్యతో సంపాదించుకున్నారు. ఆ సంపాదనే పుస్తకం మీద మాట్లాడే గొంతునిచ్చింది, గుడి కట్టించింది. ఎవరి దయ మీదో ఆధారపడి ఉంటే, వాళ్లు వద్దనగానే ఆగిపోయేవారు. కాబట్టి ఉద్యోగం చేస్తూ రాత్రిపూట బొమ్మలు వేసుకునే మనిషిని చూసి, నీకు కళ మీద అంత ప్రేమ లేదు అని ఎవరైనా అంటే నమ్మకండి. ఆ ఉద్యోగమే రేపు మీ బొమ్మని కాపాడొచ్చు.

మూడోది కొంచెం కష్టమైన మాట. గెలుపు ఎప్పుడొస్తుందో మన చేతిలో లేదు. నాగరత్నమ్మ గారు తను బతికుండగా నిషేధం పోవడం చూశారు. ముద్దుపళనికి ఇవేవీ తెలియవు. తన తర్వాత తనని తిడతారని తెలియదు, తన పీఠికని చించేస్తారని తెలియదు, ఒకరోజు తనలాంటి స్త్రీయే వచ్చి దాన్ని మళ్ళీ అతికిస్తుందని కూడా తెలియదు. ఆమె రాసి పెట్టింది, అంతే. రాయకపోయి ఉంటే నాగరత్నమ్మ గారికి వెదకడానికి ఏమీ ఉండేది కాదు.

వీరేశలింగం గారిని తక్కువ చేయడానికి ఇదంతా చెప్పలేదు. ఆయన చేసిన మేలు చెరిగిపోదు. కానీ ఎంత పెద్దవాళ్లైనా ఒక్కోచోట పొరబడతారు. పెద్దవాళ్లన్నారు కదా అని మన లోపలి కోరికని పూడ్చిపెట్టుకోనక్కర్లేదు. గౌరవం గౌరవమే, ప్రశ్న ప్రశ్నే. నాగరత్నమ్మ గారు రెండూ చేశారు. పంతులు గారు అనే రాశారు, లెక్క మాత్రం అడిగారు.

తిరువయ్యూరు తంజావూరు నుంచి పదమూడు కిలోమీటర్లు ఉంటుందేమో, అంతే. ఎప్పుడైనా ఆ వైపు వెళ్తే త్యాగరాజస్వామి సన్నిధి చూడండి. చూశాక అటు తిరిగి ఎదురుగా ఉన్న ఆవిడ దగ్గర కూడా ఒక్క నిమిషం నిలబడండి. రాధికా సాంత్వనం ఇప్పుడు దొరుకుతుంది. పద్యాలు మొదట కొరుకుడు పడకపోవచ్చు. టీకా ఉన్న ప్రతి తీసుకోండి, నెమ్మదిగా చదవండి.

మీ ఇంట్లో, మీ ఊళ్లో ఇలా పది మాటలు పడి కూడా తన పని వదలని మనిషి ఎవరైనా ఉంటే నాకు రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో మళ్ళీ కలుద్దాం. అందాకా మీరు మొదలుపెట్టి మధ్యలో ఆపేసిన పని ఏదైనా ఉంటే, ఇవాళ రాత్రి ఒక పావుగంట దాని ముందు కూర్చోండి. ఉంటాను.